మా నాన్న ఆటో జీపీఎస్ లాగ్‌లతో ఏడు రోడ్ల జంక్షన్ ట్రాఫిక్ లెక్క తీయొచ్చా? (శ్రీకాకుళం)

ఆటో_గారి_అమ్మాయి:

అందరికీ నమస్కారం. మాది శ్రీకాకుళం. మా నాన్న ఇరవై ఏళ్లుగా సర్వీస్ ఆటో నడుపుతున్నారు. ఆమదాలవలసలో ఉన్న శ్రీకాకుళం రోడ్ స్టేషన్ నుంచి ఊళ్లోకి పాసింజర్లని తేవడం, ఊళ్లో అయితే ఆర్టీసీ కాంప్లెక్స్, ఏడు రోడ్ల జంక్షన్, డే అండ్ నైట్ జంక్షన్ తిరగడం, ఆదివారం వస్తే తెల్లారకముందే అరసవల్లి గుడి బేరాలు. నేను ఇంట్లోంచే సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ పని చేస్తాను. పైథాన్ కొంచెం వచ్చు గానీ మ్యాపులతో ఎప్పుడూ పని చెయ్యలేదు.

సంగతేంటంటే, ఈ మధ్య ఊళ్లో ట్రాఫిక్ గురించి జరిగిన ఒక సమావేశంలో ఏడు రోడ్ల దగ్గర జామ్ అంతా ఆటోల వల్లేనని, స్టాండు అక్కడి నుంచి తీసేసి దూరంగా పెట్టాలని గట్టిగా మాట్లాడారట. నాన్న ఆ రాత్రి అన్నం సగంలో వదిలేశారు. "మేం ఆపకపోతే జనం ఎక్కడెక్కుతారమ్మా? ఆ జామ్‌లో మా డీజిల్ కాలట్లేదా ఏటి?" అన్నారు. ఆ మాట నన్ను వదల్లేదు. నిజంగా ఆటోల వల్లేనా, వేరే ఏదైనా కారణం ఉందా, లెక్క తీసి చూద్దాం అనిపించింది. ఆటోల వల్లే అని తేలితే అది కూడా నాన్నకి చెప్తాను, దాచను.

అందుకని నాన్న ఫోన్లో, ఆయన స్నేహితులు ఇద్దరి ఫోన్లలో, వాళ్లకి విషయం చెప్పే, జీపీఎస్ లాగర్ యాప్ వేశాను. ఐదు వారాలైంది. జీపీఎక్స్ ఫైళ్లు వస్తున్నాయి, ఒక్కో పాయింట్‌కి అక్షాంశం, రేఖాంశం, టైమ్, వేగం ఉన్నాయి. బ్యాటరీ అయిపోతుందని ముప్పై సెకన్లకి ఒక పాయింట్ పెట్టాను.

ఇప్పుడు మ్యాప్ మీద వేసి చూస్తే ఆటో రోడ్డు వదిలేసి షాపుల మీద నుంచీ ఇళ్ల మీద నుంచీ పోతున్నట్టుంది. కాంప్లెక్స్ దగ్గర నిలబడి ఉన్న టైమ్‌లో కూడా దూరం పెరుగుతూనే ఉంది. ఇంకొకటి నాకు అస్సలు అర్థం కాలేదు, శనివారం రాత్రి పదకొండున్నర, పన్నెండింటికి అరసవల్లి వైపు వరసగా ట్రిప్పులు కనిపిస్తున్నాయి, ఆ టైమ్‌కి నాన్న నిద్రలో ఉంటారు. ఇవన్నీ ఒక ఎత్తు, అసలు ప్రశ్న ఇది: వేగం సున్నా అయిన చోట జామ్‌లో ఇరుక్కున్నట్టా, పాసింజర్ కోసం ఆపినట్టా, ఎలా విడదీయాలి? పైగా సగటు వేగం తీస్తే ఏడు రోడ్ల దగ్గర మరీ తక్కువేం రావట్లేదు, కానీ రోజూ అక్కడే కదా ఇరుక్కుంటాం.

తెలిసినవాళ్లు చెప్పండి ప్లీజ్. వచ్చే నెల మళ్లీ ఆ సమావేశం ఉందట, కొంచెం టెన్షన్‌గా ఉంది.


కోట_జంక్షన్ (విజయనగరం):

శనివారం రాత్రి సంగతి ముందు చెప్పేస్తాను. జీపీఎక్స్ ఫైల్లో ఉండేది మన టైమ్ కాదండి, యూటీసీ, అంటే ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక టైమ్. మనం దానికంటే ఐదున్నర గంటలు ముందున్నాం. ఆదివారం తెల్లవారుజామున 5 గంటలకి మీ నాన్నగారు అరసవల్లి వెళ్తే ఫైల్లో శనివారం రాత్రి 11:30 అని పడుతుంది. పొద్దున్న ఎనిమిదిన్నరకి ఉండే స్కూళ్ల రద్దీ కూడా మీకు తెల్లవారుజామున 3 గంటల దగ్గర కనిపిస్తూ ఉండాలి, ఒకసారి చూడండి. ముందు అన్ని టైమ్‌లకీ 5:30 కలపండి, ఆ తర్వాతే వారంలో ఏ రోజు, ఏ గంట అన్నది లెక్క తియ్యండి. ముందే ఏ రోజో రాసేసుకుని తర్వాత గంటలు కలిపితే సూర్యనారాయణ స్వామి గుడి రద్దీలో పెద్ద భాగం శనివారం ఖాతాలోనే ఉండిపోతుంది.

నేను నాలుగేళ్లు లారీల ట్రాకింగ్ చూసే ఆఫీసులో పని చేశాను, మీకొచ్చిన ప్రతి సమస్యా నాకూ వచ్చిందే. ఫోన్ జీపీఎస్ పైన ఆకాశం ఖాళీగా ఉంటే దాదాపు 5 మీటర్ల తేడాతో చెప్తుంది. స్థానం తేలాలంటే కనీసం నాలుగు ఉపగ్రహాల సిగ్నల్ కావాలి, అవేమో 20 వేల కిలోమీటర్ల పైన ఉంటాయి, ఫోన్ దాకా వచ్చేసరికి సిగ్నల్ బాగా బలహీనపడుతుంది. రోడ్డుకి రెండు వైపులా మేడలుంటే గోడకి తగిలి తిరిగొచ్చిన సిగ్నల్ కూడా లెక్కలోకి వచ్చి పాయింట్ పక్కకి జరిగిపోతుంది. అదే మీకు షాపుల మీద ఆటో కనిపించడానికి కారణం. మీ యాప్‌కి సీఎస్‌వీగా (మామూలు పట్టికలా) రాసే సెట్టింగ్ ఉంటే అందులో పాయింట్ ఎన్ని మీటర్లు అటూ ఇటూ ఉండొచ్చో చెప్పే యాక్యురసీ కాలమ్ వస్తుంది, 25 మీటర్లు దాటినవి తీసెయ్యండి. బ్యాటరీ సేవర్ ఆన్‌లో ఉందేమో కూడా చూడండి, ఉంటే ఫోన్ మధ్యలో జీపీఎస్ ఆపేసి సెల్ టవర్లని బట్టి స్థానం రాసేస్తుంది, ఆటో అర కిలోమీటరు గెంతి మళ్లీ వెనక్కొచ్చినట్టుంటుంది.

మిగిలిన పాయింట్లని రోడ్డు మీదకి తేవడాన్ని మ్యాప్ మ్యాచింగ్ అంటారు. ప్రతి పాయింట్‌నీ దగ్గర్లో ఉన్న రోడ్డుకి అతికించేస్తే సరిపోదు, ఏడు రోడ్లు కలిసే చోట పాయింట్ పాయింట్‌కీ దగ్గరి రోడ్డు మారిపోతుంది, ఆటో ఏడు రోడ్లలోకీ దూరి వచ్చినట్టవుతుంది. 2009లో న్యూసన్, క్రమ్ అనే ఇద్దరు పరిశోధకులు ఒక పద్ధతి రాశారు, అది పాయింట్ల వరసంతా కలిపి చూస్తుంది. ఈ రోడ్డు మీద నుంచి ఆ రోడ్డు మీదకి ఇంత టైమ్‌లో బండి నిజంగా వెళ్లగలదా అని బేరీజు వేసి, అన్నిటికన్నా కుదిరే దారిని ఎంచుతుంది. మీరు కొత్తగా రాయక్కర్లేదు, ఓఎస్ఆర్ఎం గానీ వల్‌హల్లా గానీ, ఈ పని చేసే సాఫ్ట్‌వేర్లు, వాడండి, రెండూ ఉచితం, ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ రోడ్ల మీద నడుస్తాయి. ఆ మ్యాప్‌లో మీ ఊరి రోడ్లు, వన్ వేలు సరిగ్గా ఉన్నాయో లేదో ముందు చూసుకోండి, తప్పుంటే మీరే దిద్దొచ్చు.

నిలబడ్డ ఆటో నడుస్తున్నట్టు కనిపించడం కూడా ఆ కొద్ది మీటర్ల తేడా వల్లే, పాయింట్ ఉన్నచోటే అటూ ఇటూ తిరుగుతూ ఉంటుంది, మీరు ఆ చిన్న చిన్న దూరాలన్నీ కలుపుతున్నారు. వేగం కోసం దూరాన్ని టైమ్‌తో భాగించకండి, ఫైల్లో ఉన్న వేగం కాలమ్ తీసుకోండి. అది కదలిక వల్ల సిగ్నల్ ఫ్రీక్వెన్సీలో వచ్చే మార్పు (డాప్లర్ అంటారు) నుంచి వస్తుంది, అందుకే ఎక్కువ నమ్మకం. గంటకి 3 కిలోమీటర్ల లోపు ఉంటే ఆగినట్టే రాసుకోండి.

ముప్పై సెకన్లు మాత్రం పనికిరాదండి. గంటకి 30 కిలోమీటర్ల వేగంలో ఆటో ముప్పై సెకన్లలో 250 మీటర్లు పోతుంది, జంక్షన్ మొత్తం రెండు పాయింట్ల మధ్య మాయమైపోతుంది. సెకనుకి ఒకటి పెట్టండి, కుదరకపోతే మూడు సెకన్లకి ఒకటి. ఆటోలో ఛార్జర్ బిగించండి.

సగటు గురించి. ఒక కిలోమీటరు ముక్కని ఒకసారి గంటకి 10తో, ఇంకోసారి 40తో దాటారనుకోండి. మామూలు సగటు 25. కానీ మొదటిసారి 6 నిమిషాలు, రెండోసారి నిమిషంన్నర, మొత్తం 2 కిలోమీటర్లకి ఏడున్నర నిమిషాలు, అంటే అసలు వేగం 16. మీరు వేగాల్ని కూడి భాగిస్తున్నారు కాబట్టి జామ్ దాక్కుంటోంది. మొత్తం దూరం, మొత్తం టైమ్ తీసుకోండి. అంతకన్నా మంచిది, రోడ్డుని 100 మీటర్ల ముక్కలు చేసి, ఒక్కో ముక్క దాటడానికి ఏ గంటలో ఎన్ని సెకన్లు పట్టిందో రాసుకోండి. వాటిలో మధ్య విలువ ఒకటి, పదిసార్లలో తొమ్మిదిసార్లు ఎంతలో దాటామన్నది ఒకటి. జనం తిట్టుకునేది ఆ రెండోదాన్నే.

జామ్, పాసింజర్ తేడా వేగంలోనే కొంత తెలుస్తుంది. జామ్‌లో 0, 4, 0, 6, 0, 3 అలా పాకుతూ ఉంటుంది. పాసింజర్ కోసం ఆపితే 25, 12, 0, 0, 0, 10, 22, ఒకటే ఆగడం, వెంటనే ఎత్తుకోవడం. ఆ రెండో రకం ఆగడాలన్నీ తీసేసి మిగిలింది చూడండి, జామ్ దొరుకుతుంది.


బండి_మీద_ఆఫీసుకి:

గూగుల్ మ్యాప్స్‌లో ట్రాఫిక్ ఆన్ చేస్తే ఎర్రగీత కనిపిస్తుంది కదా, ఇంత కష్టం ఎందుకు? వారంలో ఏ రోజు ఏ టైమ్‌కి మామూలుగా ఎలా ఉంటుందో కూడా చూపిస్తుంది.


కోట_జంక్షన్ (విజయనగరం):

ముందు అది చూడ్డం మంచిదే. కానీ రంగు చూపిస్తుంది గానీ ఎన్ని సెకన్లు పోయాయో, ఎందుకు పోయాయో చెప్పదు. అది కూడా జనం ఫోన్ల నుంచి వచ్చిందే. 2020లో బెర్లిన్‌లో ఒక కళాకారుడు 99 ఫోన్లు చిన్న తోపుడు బండిలో వేసుకుని ఖాళీ రోడ్డు మీద నడిస్తే మ్యాప్‌లో ఆ రోడ్డు ఎర్రగా అయిపోయింది. సమావేశంలో ఎర్రగీత ఫొటో పెడితే "ఆటోలే కదా" అంటారు, మళ్లీ మొదటికే వస్తారు. వాళ్లకి కావలసింది కారణం.


నరసన్నపేట_నుంచి:

అక్కా, నేను ఒక చిన్న విషయం చెప్తాను, నావి రెండు రోజులు తినేసింది. 100 మీటర్ల ముక్కలు చెయ్యాలంటే అక్షాంశ రేఖాంశాల్ని మీటర్లలోకి మార్చాలి కదా, దానికి యూటీఎం జోన్ (మీటర్లలో కొలవడానికి భూమిని నిలువుగా చేసిన పట్టీల్లో ఒకటి) ఎంచుకోవాలి. 84 డిగ్రీల రేఖాంశం దగ్గర జోన్ మారిపోతుంది, ఆ గీత మన జిల్లా మధ్యలో నుంచి పోతుంది. శ్రీకాకుళం, ఆమదాలవలస 84కి పడమర, అంటే 44వ జోన్. మా నరసన్నపేట, టెక్కలి, పలాస తూర్పున, 45వ జోన్. నేను పాయింట్‌ని బట్టి జోన్ దానంతటదే ఎంచుకునేలా రాస్తే, శ్రీకాకుళం నుంచి ఇంటికొచ్చే దారిలో నా బండి ఒక్క సెకన్లో ఆరొందల కిలోమీటర్లకి పైగా దూకింది. మీ ట్రిప్పులు ఊళ్లోనే కాబట్టి అన్నిటికీ 44 అనే పెట్టేయండి, ఎవరైనా పలాస బేరం వెళ్లినా మార్చకండి.


పాత_డీఈ:

అమ్మా, నేను రోడ్ల శాఖలో పనిచేసి రిటైరయ్యాను. నీ ప్రశ్న చదివి చాలా సంతోషమేసింది, ముఖ్యంగా ఆటోల వల్లే అని తేలితే అదీ చెప్తానన్నావు చూడు, లెక్క తీసేవాళ్లకి మొదట కావలసింది అదే.

విజయనగరం మిత్రుడు చెప్పిందంతా సరైనదే, ఒక్క చివరి మాట తప్ప. పాసింజర్ కోసం ఆగిన పాయింట్లు తీసెయ్యకు. వాటిని వేరే ఫైల్లో పెట్టుకో, నీ దగ్గరున్న వాటిలో అన్నిటికన్నా విలువైనవి అవే.

ఎందుకో చెప్తాను. మీ నాన్నగారు జంక్షన్ మొదట్లో పన్నెండు సెకన్లు ఆపారనుకో. ఆయన ఫోన్లో పోయింది పన్నెండు సెకన్లే. కానీ వెనకాల బస్సు ఉంటే, బస్సు వెనక కార్లు, కార్ల పక్క నుంచి దూరిన బైకులు, వాళ్లందరికీ పోయిన టైమ్ ఆయన ఫోన్లో ఎక్కడా ఉండదు. అంటే ఆటో లాగ్‌తో "ఆటోల వల్ల జామ్ కాదు" అని చెప్పలేవు, "ఆటోల వల్లే" అని కూడా చెప్పలేవు. నీకు వెనకాల ఉన్న బండి లాగ్ కావాలి. రోజూ అదే టైమ్‌కి అదే దారిలో బైక్ మీద గానీ కారులో గానీ వెళ్లే ఇద్దరు ముగ్గురు దొరికితే చాలు, ఆటో ఆగిన క్షణానికి ముందూ వెనకా వాళ్ల వేగం ఏమైందో పక్క పక్కన పెట్టి చూడొచ్చు. రోజుకొకసారి దొరికినా, వారాలు గడిస్తే చాలా క్షణాలు పోగవుతాయి.

ఇక రెండోది. ఆగిన చోట్లన్నీ మ్యాప్ మీద చుక్కలుగా పెట్టు. అవి స్టాండులో ఉన్నాయా, స్టాండుకి యాభై మీటర్లు ఇవతల ఉన్నాయా? ఆటో ఎక్కడ ఆగుతుందో అక్కడ ఎవరో చెయ్యెత్తారు. ఎండలో నిలబడలేక నీడ ఉన్న చోట ఎత్తారా, బస్సు దిగిన చోట ఎత్తారా, ఆస్పత్రి నుంచి వచ్చే సందు మొదట్లో ఎత్తారా? స్టాండు దూరంగా జరిపినంత మాత్రాన ఆ చేతులు అక్కడికి జరగవు. ఈ మాట కాగితం మీద చుక్కలతో చూపిస్తే వింటారు, నోటితో చెప్తే వినరు. నా సర్వీసులో చాలాసార్లు చూశాను.

మూడోది, జీపీఎస్ వేగం చెప్తుంది, ఎన్ని బండ్లు పోతున్నాయో చెప్పదు. 2008 ఫిబ్రవరి 8న కాలిఫోర్నియాలో బర్కిలీ విశ్వవిద్యాలయం, నోకియా కలిసి వంద కార్లలో జీపీఎస్ ఫోన్లు పెట్టి హైవే మీద తిప్పి చూశారు. రోడ్డు మీద వెళ్లే బండ్లలో కొద్ది శాతం ఫోన్లున్నా వేగం బాగానే తెలుస్తుందని తేలింది. కానీ అది హైవే, అందరూ దాదాపు ఒకే తీరున పోతారు. మన రోడ్డు మీద బైకు సందులోంచి దూరిపోతుంది, ఆటో ఆగుతుంది, బస్సు ఎటూ దూరలేదు. ఒక రకం బండి వేగం ఇంకో రకానికి చెల్లదు. కాబట్టి లెక్కపెట్టడానికి మనుషులు కావాలి, పావుగంటకో గడి చొప్పున, రకాల వారీగా. రోడ్ల ప్రమాణాలు రాసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1990 నాటి 106వ గైడ్‌లైన్స్‌లో ఊరి రోడ్ల మీద ఆటో వాటా 5 శాతం ఉంటే ఒక్కో ఆటోని 1.2 కార్లుగా, 10 శాతం దాటితే 2 కార్లుగా లెక్కపెట్టమని ఉంది. ఈ రెండో అంకె నీకు నచ్చకపోవచ్చు, కానీ అవతలివాళ్లు తెస్తారు, తెలిసి ఉండాలి.

మనుషులు దొరకకపోతే పాత పద్ధతి ఒకటి ఉంది, 1954లో ఇంగ్లండ్‌లో వార్‌డ్రాప్, చార్ల్స్‌వర్త్ రాసింది. మేం జీపులో స్టాప్‌వాచ్ పట్టుకుని చేసేవాళ్లం. 2000 మే దాకా పౌరులకిచ్చే జీపీఎస్ సిగ్నల్‌లో అమెరికా కావాలనే తప్పు కలిపేది, వంద మీటర్ల దాకా తేడా వచ్చేది, ఊరి రోడ్డు కొలవడానికి దాన్ని ఎవరు నమ్ముతారు? ఇప్పుడు టైమ్ భాగం నీ ఫోనే చూసుకుంటుంది. ఆటోలో వెనక సీట్లో నువ్వు కూర్చో. ఏడు రోడ్ల నుంచి డే అండ్ నైట్ వైపు పోయే ట్రాఫిక్ ఎంతో కావాలనుకో. ముందు డే అండ్ నైట్ నుంచి ఏడు రోడ్లకి వస్తూ ఎదురొచ్చిన బండ్లన్నీ లెక్కపెట్టు. తిరిగి వెళ్లేటప్పుడు నిన్ను దాటిపోయినవి దానికి కలుపు, నువ్వు దాటినవి అందులోంచి తీసెయ్. ఎదురొచ్చినవి 100, నిన్ను దాటినవి 9, నువ్వు దాటినవి 4 అయితే 105. రెండు వైపులా కలిపి 7 నిమిషాలు పడితే నిమిషానికి 15, గంటకి 900 బండ్లు. ఒక్కసారి చేస్తే నమ్మకం లేదు, ఏడెనిమిది సార్లు చేసి సగటు తియ్యాలి. పాసింజర్లని ఎక్కించుకోకుండా చెయ్యాలి, నాన్నగారికి ఆ పూట బేరం పోతుంది, అది ముందే చెప్పు.

ఇంకో మాట. నడిపేవాళ్లని ఫోన్ ముట్టుకోవద్దని గట్టిగా చెప్పు. ఏదైనా గుర్తు పెట్టాలంటే వెనక కూర్చున్నవాళ్లు పెట్టాలి.


ఆటో_గారి_అమ్మాయి:

మాస్టారూ, చాలా థాంక్స్. నిజం చెప్పాలంటే వెనకాల బస్సు గురించి చదివినప్పుడు కొంచెం బాధేసింది, ఎందుకంటే నేను ఐదు వారాలు పోగేసింది నాన్నది తప్పు కాదని చూపించే లెక్కే అనుకున్నాను, అది దేనికీ సాక్ష్యం కాదని తెలిసింది. నాన్నకి చదివి వినిపించాను. ఆయన కాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత "ఆ బస్సు డ్రైవరు హారన్ కొడతాడు, నాకు తెల్దా" అన్నారు. వెనకాల బండి వేస్తాను. టైమ్ సరిచేస్తే అరసవల్లి ట్రిప్పులన్నీ ఆదివారం తెల్లవారుజాముకి వచ్చేశాయి, కోట జంక్షన్ గారికి కూడా థాంక్స్. రోజూ ఉదయం, సాయంత్రం ఏడు రోడ్ల మీదుగా బైక్ మీద వెళ్లేవాళ్లు ఎవరైనా ఉన్నారా ఇక్కడ?


బండి_మీద_ఆఫీసుకి:

నేను వెళ్తాను. పొద్దున్న ఎనిమిదిన్నర, సాయంత్రం ఆరు. యాప్ పేరు, సెట్టింగులు చెప్పండి, రేపటి నుంచే పెడతాను. గూగుల్ చాలదా అన్నాను గానీ బస్సు వెనక ఇరుక్కునేది నేనే కదా.


అరసవల్లి_వీధి:

నేను ఇరవై ఏళ్లుగా ఆటోల్లోనే తిరుగుతున్నాను, మీ నాన్నగారి ఆటో కూడా ఎక్కే ఉంటాను. చెయ్యెత్తేవాళ్ల తరఫున ఒక మాట. మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లం, చేతిలో కూరల సంచి ఉన్నవాళ్లం స్టాండు దాకా నడవం, ఎక్కడుంటే అక్కడే ఎత్తుతాం. స్టాండులో ఎక్కితే నిండేదాకా కదలదు, ముందుకొచ్చి దారిలో ఎక్కితే కదులుతున్న ఆటో దొరుకుతుంది. అందుకే అందరం స్టాండుకి కాస్త అవతల నిలబడతాం. ఇది ఆటోవాళ్ల తప్పు కాదు, మా తప్పూ కాదు, కూర్చోడానికి నీడ, ఎప్పుడు కదులుతుందో ఒక మాట ఉంటే స్టాండుకే వెళ్తాం. మీ చుక్కల్లో ఇది కనిపిస్తుందేమో చూడమ్మా.

ఆదివారాలు, అందులోనూ రథసప్తమికి, అరసవల్లి రోడ్డు లెక్క వేరుగా తియ్యండి. ఆ రోజులు మామూలు రోజులతో కలిపితే ఏదీ సరిగ్గా రాదు.


ఆటో_గారి_అమ్మాయి:

మూడు వారాల తర్వాత రాస్తున్నాను, లేటైనందుకు ఏమీ అనుకోకండి.

సెకనుకి ఒక పాయింట్ పెట్టి, ఛార్జర్లు బిగించి, మొత్తం మళ్లీ మొదలుపెట్టాం. పాత ఐదు వారాలది పక్కన పెట్టేశాను, ఆగిన చోట్లకి తప్ప దేనికీ పనికిరాలేదు. బైక్ మీద వెళ్లే అన్నయ్య గారు ఒక్కరోజు కూడా మానకుండా పంపారు, వాళ్ల ఆఫీసులో ఇంకొకరిని కూడా ఒప్పించారు.

ఇప్పటికి కనిపించింది ఇది. సాయంత్రం పూట మా ఆటోలు జంక్షన్ మొదట్లో ఆగిన వెంటనే వెనకాల బైకు వేగం పడిపోతోంది, ఇది మళ్లీ మళ్లీ కనిపించింది, కాదనలేను. పొద్దున్న మాత్రం అలా లేదు. స్కూళ్ల టైమ్‌లో ఆటో ఏదీ ఆగకపోయినా బైకు అక్కడే పాకుతోంది, కొన్నిసార్లు మా ఆటోలు అందరికన్నా వెనక ఉన్నప్పుడు కూడా. వెళ్లి నిలబడి చూస్తే రోడ్డుకి రెండు పక్కలా ఆపి ఉన్న బళ్లు, పిల్లల్ని దించే బైకులు వెనక్కి తిరగడం. ఇది జీపీఎస్‌లో ఎప్పటికీ కనిపించదు, కళ్లతో చూడాల్సిందే.

చుక్కలు వేశాక అరసవల్లి వీధి అమ్మగారు చెప్పిందే కనిపించింది. చాలా చుక్కలు స్టాండులో లేవు, స్టాండు దాటాక ఒకే చోట గుంపుగా ఉన్నాయి. ఆ ఫొటో నాన్నకి చూపిస్తే ఒక్క చూపులో చెప్పేశారు, అక్కడ చెట్టు నీడ ఉందని. వాళ్ల స్టాండులో వాళ్లందరికీ కూడా చూపించారు. సాయంత్రం పూట ఇంకాస్త ముందుకెళ్లి రోడ్డు వెడల్పుగా ఉన్న చోట ఆపుదాం అని ఒక మాట అనుకున్నారు, కానీ జనం అక్కడికి రావాలంటే అక్కడ కూడా నీడ కావాలి అంటున్నారు. సమావేశంలో అడగబోయేది ఇదే, స్టాండు తీసెయ్యొద్దు అని కాదు, అక్కడ ఒక షెడ్డు, బండి పక్కకి తియ్యడానికి కొంచెం జాగా.

ఇంకా బండ్ల లెక్క లేదు. మాస్టారు చెప్పిన పాత పద్ధతి నాలుగుసార్లు చేశాం, ఎదురొచ్చే బైకులు లెక్కపెట్టలేక తప్పిపోయాను, వచ్చిన అంకెల మధ్య చాలా తేడా ఉంది. అన్ని ఫైళ్లూ ఇక్కడ పెట్టేస్తే ఎవరైనా చూసి చెప్తారా?


కోట_జంక్షన్ (విజయనగరం):

ఫైళ్లు దయచేసి ఇక్కడ పెట్టకండి! మీ ఇల్లు ఎక్కడో, నాన్నగారు ఎన్నింటికి బయల్దేరతారో, బైక్ అన్నయ్య ఆఫీసు ఏదో అన్నీ అందులో ఉన్నాయి. పేర్లు తీసేస్తే చాలు అనుకోవద్దు. 2013లో 15 లక్షల మంది ఫోన్ల డేటా చూసి రాసిన ఒక పరిశోధనలో ఎక్కడున్నారు, ఎప్పుడున్నారు అన్న నాలుగు పాయింట్లు తెలిస్తే వందలో 95 మందిని విడిగా గుర్తుపట్టొచ్చని తేలింది. 100 మీటర్ల ముక్క, గంట, ఎన్ని సెకన్లు, ఎన్ని ట్రిప్పులు, ఈ నాలుగు కాలమ్‌లు మాత్రమే పెట్టండి. ఒకటి రెండు ట్రిప్పులే ఉన్న గడులు తీసెయ్యండి. ఇళ్ల దగ్గరి మొదటి, చివరి 300 మీటర్లు ముందే కోసెయ్యండి. చుక్కల మ్యాప్ సమావేశానికి తీసుకెళ్లేటప్పుడు కూడా జంక్షన్ భాగం మాత్రమే ప్రింట్ తియ్యండి.


పాత_డీఈ:

చాలా బాగా చేశావమ్మా. సాయంత్రం సంగతి దాచకుండా రాశావు, సమావేశంలో కూడా ముందు అదే చెప్పు, తర్వాత పొద్దుటి సంగతి చెప్పు, అప్పుడు పొద్దుటి మాటని ఎవరూ కొట్టిపారెయ్యలేరు.

ఎదురొచ్చే బైకులు ఒక్కరే లెక్కపెట్టలేరు, అది నీ తప్పు కాదు, ఆ పద్ధతి పుట్టిన దేశంలో ఇన్ని బైకులు లేవు. రోడ్డు పక్కన నిలబడే లెక్కపెడదాం. నేనూ వస్తాను. పొద్దున్న 8 నుంచి 10, సాయంత్రం 5 నుంచి 7. ఒకరు బైకులు, ఒకరు ఆటోలు, ఒకరు బస్సులు, కార్లు, లారీలు. వచ్చే మంగళవారం అయితే మామూలు రోజు, సెలవు లేదు. పావుగంట గడులతో కాగితాలు నేను గీసి తెస్తాను.


బండి_మీద_ఆఫీసుకి:

మంగళవారం పొద్దున్న లీవు పెట్టాను సార్. బైకులు నాకు వదిలేయండి. ఎక్కడ కలుద్దాం?


అరసవల్లి_వీధి:

ఆ చెట్టు కిందే కలుద్దాం. ఆటోలు నేను లెక్కపెడతాను, దూరం నుంచే గుర్తుపడతాను.